నా పేరున నడిచిన అడుగులు

"ఇంకో గంట పడుతుందమ్మా, ముందు కేసు కాస్త ఆలస్యమైంది" అని చెప్పి నర్సు చక్రాల మంచానికి రెండు పక్కలా కడ్డీలు పైకి లేపి టక్కుమని బిగించి వెళ్ళిపోయింది. గంటట. ఆ పిల్లకి గంట అంటే ఇంకో ఇద్దరికి సూది వేసి, ఒక టీ తాగి, ఫోను చూసుకుని రావడం, నాకు మాత్రం వెల్లకిలా పడుకుని పైకప్పుని చూడడం, అదీ కళ్ళజోడు లేకుండా, కాబట్టి కప్పు కూడా కప్పులా లేదు, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. కళ్ళజోడు తీసేశారు, ఉంగరం తీసేశారు, కింది వరస కట్టుడు పళ్ళు తీసేశారు, చేతిపట్టీ తీసేశారు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మీ ఆయనకిచ్చామమ్మా అన్నారు, నెత్తికి కాగితం టోపీ తగిలించారు, ఇక నాదంటూ మిగిలింది ఎడమ మోకాలొక్కటే, దాని మీద కూడా నీలం సిరాతో బాణం గుర్తు గీశారు, కోసేది ఇక్కడే అని. నలభై ఏళ్ళు బట్ట మీద సుద్దతో గీత గీసి కత్తెర వేసిన దాన్ని, ఇవాళ గీత నా మీదే పడింది. తలకి కుడి పక్కన మంచానికే బిగించిన ఒక కంప్యూటరు తెర ఉంది, అందులో అక్షరాలు నాకు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి గానీ రంగు తెలుస్తోంది, ఆకుపచ్చ, చిక్కటి ఆకుపచ్చ, వచ్చినవాళ్ళంతా ముందు దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి నవ్వుతున్నారు, మీరు గట్టి మనిషమ్మా, మీకేం ఫరవాలేదు అంటున్నారు.

ఆ ఆకుపచ్చ నాది కాదు. ఆ తెరలో ఉన్న గుండె నాది కాదు, ఆ నడక నాది కాదు, ఆ నిద్ర నాది కాదు, నాలుగు నెలలుగా నా పేరు మీద కొట్టుకుంటున్నది మా ఆయన గుండె, ఈ సంగతి ప్రపంచంలో మా ఇద్దరికే తెలుసు, అందులోనూ సగం ఆయనకి తెలియదు. కుట్టుపనిలో మాకు ఆది అని ఒకటుంటుంది, ఒంటికి సరిగ్గా సరిపోయిన పాత బట్ట ఒకటి తెచ్చి ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడతాం, మనిషిని కొలవక్కర్లేదు, ఆది అబద్ధం చెప్పదు. ఒకసారి ఒకావిడ కోటు కుట్టమని వచ్చి ఆది ఇచ్చింది, నేను మనసు పెట్టి కుట్టాను, చంకల దగ్గర ముడత లేకుండా, భుజం నీళ్ళు పోసినట్టు జారేలా, తీరా తొడుక్కుంటే చేతులు పైకి లేవవు, ఊపిరాడదు, అద్దం ముందు ఏడుపొక్కటే తక్కువ, అప్పుడు చెప్పింది, ఆ ఆది వాళ్ళ చెల్లెలిది అని, చెల్లెలి కొలతకి కుట్టించుకుంటే తనూ అంత సన్నబడుతుందని ఆశపడిందట. నేను ఆవిణ్ణి నాలుగు దులిపాను, నన్ను ముందు అడగద్దా తల్లీ, కొలత నీది కానప్పుడు కుట్టు ఎంత బాగుంటే ఏం లాభం అని. కోటు కాబట్టి విప్పి మళ్ళీ కుట్టాను. ఇప్పుడు నన్ను విప్పాక ఎవరు మళ్ళీ కుడతారు?

అసలు ఇదంతా ఆ మోకాలి వల్ల. నా ఎడమ కాలు కుట్టుమిషను తొక్కీ తొక్కీ అరిగిపోయింది, మోకాలి చిప్ప కింద ఇసుక పోసినట్టు కరకరలాడుతుంది, మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్ఫై ఎనిమిది మెట్లు, పదకొండు నెలలుగా ఆసుపత్రికి తప్ప నేను ఆ మెట్లు దిగలేదు. నా వీధి నాకు బాల్కనీలోంచే తెలుసు, ఏ కొట్టు తీశారు, ఏ కొట్టు మూశారు, ఎదురింటి బోడిగుండు మేస్టారు కుక్కని ఎన్నింటికి తిప్పుతాడు, దారపుండల కొట్టులో కొత్తగా కూర్చున్న పిల్ల ఎవరు, అన్నీ తెలుసు, కానీ ఆ కొట్టుకి వెళ్ళి నా కళ్ళతో నేను దారం రంగు ఎంచుకుని ఏడాది కావస్తోంది, మా ఆయన్ని పంపిస్తే ముదురు నీలం అడిగితే నలుపు తెస్తారు, నీలమే కదే అంటారు. ఎముకల డాక్టరు మంచాయనే, మోకాలు మార్చాల్సిందేనమ్మా అన్నాడు, అంటూనే తెర వైపు తిరిగి నీళ్ళు నమిలాడు. అరవై దాటిన వాళ్ళెవరికి ముందు ఆపరేషను చెయ్యాలో, ఎవరు తట్టుకుంటారో ఇప్పుడు డాక్టర్లు చెప్పరట, యంత్రం చెబుతుందట, చేతికి ఒక పట్టీ కట్టి పంపిస్తారు, అది మన నడక, నాడి, నిద్ర చూసి మార్కు వేస్తుంది, ఆకుపచ్చ వస్తే పేరు పైకి, పసుపు వస్తే కిందికి, ఎరుపు వస్తే పక్కకి. నాకు మూడు వారాల్లో పసుపొచ్చింది, కింద కారణం కూడా రాసింది, నడక బాగా తక్కువ అని. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "నడవలేకే కదా సార్ మీ దగ్గరికొచ్చింది" అన్నారు. డాక్టరు నవ్వాడు, పాపం ఏం చేస్తాడు, "నిజమేనండీ, నేనూ అదే అన్నాను దానితో, వినదు" అన్నాడు. నడిస్తే గానీ మోకాలివ్వరు, మోకాలిస్తే గానీ నడవలేను, ఇంటికొచ్చి ముప్ఫై ఎనిమిది మెట్లూ కూర్చుని కూర్చుని ఎక్కాను, ఆ వేళే నాకు అర్థమైంది, ఇక ఆ బాల్కనీయే నా ఊరని.

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు తూకం రాళ్ళ గురించి చెప్పాలి, ముప్ఫై నాలుగేళ్ళు తూనికల ఇన్‌స్పెక్టరుగా చేశారు, లోపల మెత్తటి గుడ్డ వేసిన చెక్కపెట్టెలో ఇత్తడి రాళ్ళు పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగి, తక్కెడ పళ్ళెం తిరగేసి చూసి, అడుగున మైనం అంటించినవాణ్ణీ, ముల్లు వంచినవాణ్ణీ పట్టుకుని కేసు రాసేవారు. చివరికి మా తమ్ముడి కొట్టులో కూడా దొంగ రాయి దొరికితే, భోజనానికి పిలిచిన ఇంట్లోనే, చెయ్యి కడుక్కుని వచ్చి మరీ కేసు రాశారు, తమ్ముడు నాలుగేళ్ళు మాతో మాట్లాడలేదు, నేను ఈయనతో నాలుగు రోజులు మాట్లాడలేదు, అంతకంటే ఎక్కువ పట్టుదల నాకు లేదు. "మీకు బంధుత్వం లేదా" అంటే "నాకుంది, రాయికి లేదు" అన్నారు. అంత ముక్కుసూటి మనిషి నాకు పసుపొచ్చిన మర్నాడు పొద్దున్న చెప్పులేసుకుని నా ముందుకొచ్చి చెయ్యి చాపారు.

"ఆ పట్టీ ఇలా ఇయ్యి."

"ఎందుకండీ?"

"ఇయ్యవే, అడక్కు."

నా కళ్ళలోకి చూడకుండా కట్టుకున్నారు, అదే నాకు గుర్తుండిపోయింది, చూడకపోవడం. రెండు రోజులయ్యాక యంత్రానికి అనుమానం వచ్చింది, పట్టీ పెట్టుకున్నది మీరేనా అని ఫోనులో అడిగింది, ఆయన కాసేపు వేలు గాల్లో ఉంచి, అవును మీద నొక్కారు. ముప్ఫై నాలుగేళ్ళు నిజం రాళ్ళ మీద ముద్రలు వేసిన వేలు అది, మొదటి దొంగ ముద్ర నా కోసం వేసింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండింట్లో ఏది బయటికి వచ్చిందో గుర్తులేదు. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ ఆయన నా పేరున నడిచారు, చినుకులు పడుతున్నా గొడుగేసుకుని నడిచారు, ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ "ఇవాళ ఏడువేలు నడిచావు" అనేవారు, "అబ్బ, కాళ్ళు లాగుతున్నాయండీ" అనేదాన్ని నేను మంచం మీంచి, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, ఈ నాలుగు నెలలు మా పెళ్ళయిన కొత్తలో కంటే ఎక్కువ నవ్వుకున్నామేమో. మా అమ్మాయి ఫోను చేసి "అమ్మా, నీ లెక్కలు నాకంటే బాగున్నాయే" అనేది, ఆ యంత్రాన్ని కృత్రిమ మేధ అంటారని, లక్షలమంది గుండెలు చూసి నేర్చుకుందని నాకు పాఠం చెప్పేది. లక్షల గుండెలు చూసిందట, మా ఇద్దరి గుండెల్లో ఏది ఎవరిదో పట్టుకోలేకపోయింది.

ఇక్కడిదాకా ఆయనకి తెలిసిన కథ. ఆయన లెక్కలో నాకున్నది మోకాలి జబ్బు ఒక్కటే, గుండెకేం, అది బాగానే ఉంది, యంత్రం చేసింది అన్యాయం, తను సరిచేశారు, అంతే, అందుకే ఆయనకి రాత్రి నిద్ర కూడా హాయిగా పట్టింది, ఆ నిద్ర కూడా నా ఖాతాలోనే పడింది, మీ నిద్ర అద్భుతంగా ఉంది అని పొద్దున్నే నాకు పొగడ్తలు. ఆయన పడుకున్నారంటే దుంగే. ఆ దుంగ పక్కన నేను ఒక దిండు మీద పడుకునేదాన్ని, తర్వాత రెండు, ఇప్పుడు మూడు, పడుకుంటే చాలు ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి అందదు, లేచి కుర్చీలో కూర్చుంటే గానీ తేలికపడదు, ఆయన లేచేలోపు రెండు దిండ్లు తీసి బీరువాలో పెట్టేసేదాన్ని, దొంగతనం చేసినట్టు. పాదాలు వాస్తే మేజోళ్ళు తొడుక్కునేదాన్ని. ఎందుకు చెప్పలేదూ అంటే ఏం చెప్పను, మొదట మోకాలైతే చాలనుకున్నాను, మోకాలు బాగైతే నడుస్తాను, నడిస్తే ఊపిరి అదే కుదురుకుంటుంది అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను, తర్వాత ఆయన వానలో కూడా నడిచి వచ్చి, నా కోసం జీవితంలో చెయ్యని తప్పు చేసి, తుండుతో తల తుడుచుకుంటుంటే, ఏవండీ ఇదంతా వృథా అని ఏ నోటితో అంటాను? పేరు పైకొచ్చింది, తేదీ ఇచ్చారు, గుండెకి తీరిగ్గా చేసే పెద్ద పరీక్ష నాలుగు నెలల లెక్కలు బాగున్నాయి కాబట్టి అక్కర్లేదని యంత్రమే కొట్టేసింది, చిన్న పరీక్ష ఒకటి చేశారు, ఆ పూటకి అది తిన్నగానే వచ్చింది, నా గుండె కూడా నాలాంటిదే, పదిమంది ముందు బుద్ధిగా ఉంటుంది.

ఇప్పుడు మాత్రం బుద్ధిగా లేదు. ఈ మంచం మీద ఒక్కటే దిండు, అది కూడా అరిచెయ్యంత మందం, అప్పుడే మొదలైంది, గొంతు దగ్గర ఎవరో కాజా కుట్టి బొత్తాం పెట్టినట్టు బిగుసుకుంటోంది, లేచి కూర్చుందామంటే కడ్డీలు, చేతికి సూది, కాలికి గుర్తు. మత్తిచ్చాక నేను లేవకపోతే? లేవనని ఎవరికి తెలుసు, నాకే. చెబితే? చెబితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు, అమ్మాయి ఆయన్ని మాటలతో కడిగేస్తుంది, నా పేరు పసుపులోకి కూడా కాదు, ఎరుపులోకి పోతుంది, మళ్ళీ ముప్ఫై ఎనిమిది మెట్లు, మళ్ళీ బాల్కనీ, మళ్ళీ ముదురు నీలానికి నలుపు, ఇక జన్మకి దిగేది లేదు. చెప్పకపోతే దిగేది ఒక్కసారే, మోసుకెళ్ళేవాళ్ళుంటారు కాబట్టి మోకాలి బాధ ఉండదు. నాకు చావంటే భయం లేదని అందరితో అనేదాన్ని, ఎంత అబద్ధం.

మనిషికి చెప్పడానికి నోరు రాక, ముందు ఒక పెట్టెకి చెప్పాను. తెర కింద ఒక చిన్న పెట్టె ఉంది, అందులోంచి ఒక ఆడగొంతు మాట్లాడుతుంది, నేను దానికి తేనెగొంతు అని పేరు పెట్టాను, పావుగంటకోసారి బాగున్నారా అని అడుగుతుంది, ఇంట్లోవాళ్ళు కూడా అన్నిసార్లు అడగరు. ఈసారి అడిగినప్పుడు, "లేదమ్మా, ఊపిరి ఆడటంలేదు, నా గుండె బాగాలేదు, ఆ లెక్కలు నావి కావు" అన్నాను. "మీ గుండె లెక్కలు చాలా బాగున్నాయి. ఆపరేషనుకి ముందు ఆందోళన సహజం. నాతో పాటు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, ఒకటి, రెండు" అంది. నా ఊపిరి గురించి నాకు పాఠం చెబుతోంది. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే మర్యాద, అదే తీపి, నేను ఎంత గట్టిగా లేదంటే అది అంత మెత్తగా ఉందంటుంది, తిడదామన్నా తిట్టు తగిలే చోటు లేదు. బయటికి చూస్తే ఇదంతా ముసల్దాని చాదస్తం, తెర ఆకుపచ్చగా ఉన్నంతసేపు నేను చచ్చిపోతున్నానని చెప్పినా వాళ్ళకి నా ఆరోగ్యమే కనిపిస్తుంది.

అప్పుడే నర్సు వచ్చింది, సూదిమందు పళ్ళెంతో, తెర చూసి కనుబొమలు ఎగరేసింది. "అబ్బో, పొద్దుటినించి రెండువేల మూడొందల అడుగులా! ఆపరేషను రోజు కూడా మానరా అమ్మా?"

రెండువేల మూడొందలు. నన్ను ఇంటి దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చారు, ఇక్కడ చక్రాల కుర్చీ, ఆ తర్వాత ఈ మంచం, ఇవాళ నేను వేసిన అడుగులు పదో పన్నెండో. పట్టీ కవర్లో ఉండాలి. కవరు ఆయన దగ్గరుంది. ఒక్కసారిగా నాకు ఆయన కనిపించారు, గోడలకి అవతల, ఆ పొడుగాటి వసారాలో, వెనక చేతులు కట్టుకుని, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ తలుపు దాకా, ఎడమ చెప్పు కాస్త ఈడుస్తూ, కంగారు పడితే ఆయన కూర్చోలేరు, అమ్మాయి పుట్టిన రోజున కూడా ఇలాగే తిరిగి తిరిగి కొత్త చెప్పు తెంపుకున్నారు. కవర్లో నా సామాను చూసుకుని ఉంటారు, పట్టీ ఎక్కడైనా పడిపోతుందేమోనని నాలుగు నెలల అలవాటుకొద్దీ చేతికి తగిలించుకుని ఉంటారు, అది తప్పన్న సంగతి కూడా తోచి ఉండదు. నేనిక్కడ కదల్లేక పడి ఉన్నాను, అక్కడ నేను నడుస్తున్నాను.

ఇద్దరు మనుషులు వచ్చి చక్రాల తాళం కాలితో తన్ని తీశారు, మంచం కదిలింది, పైకప్పు జరగడం మొదలుపెట్టింది, ఎదర రెండు తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. ఆ తలుపు దాటితే ఇక నా మాటకి పని లేదు. నేను సూది ఉన్న చేత్తోనే నర్సు చొక్కా చెయ్యి పట్టుకున్నాను, నలభై ఏళ్ళు కత్తెర పట్టిన పట్టు.

"ఆగమ్మా. నా గుండె బాగాలేదు."

"భయంతో అలా అనిపిస్తుందమ్మా, అందరికీ..."

"నా చేతులు చూడు. రెండూ చూడు. పట్టీ ఏది?"

చూసింది. "తీసేశారు కదమ్మా, మీ వాళ్ళకి..."

"మరి ఇప్పుడు నడుస్తున్నదెవరు? నేనిక్కడే పడుకుని ఉన్నానా లేదా?"

పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తెర వైపు వంగింది, తనలో తనే చదువుకున్నట్టు, రెండువేల మూడొందల పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, అంది, ఆ కింద ఇంకేదో చదివి ఆ పిల్ల మొహం మారిపోయింది. "ఏం రాసుంది, పైకి చదువు తల్లీ" అన్నాను. "పట్టీ పెట్టుకున్న వ్యక్తి సరిపోలారు, నాలుగు నెలలుగా వీరే... అని ఉందమ్మా." నేను కళ్ళు మూసుకున్నాను. "అవును, వీరే. మా ఆయన. వెళ్ళి ఆయన్నేమీ అనకు, నన్నడుగు, నేను మూడు దిండ్ల మీద గానీ పడుకోలేను, అది ఆయనక్కూడా తెలీదు" అన్నాను, అనేశాను, నాలుగు నెలలు బీరువాలో పెట్టింది నాలుగు మాటల్లో బయట పడేశాను. నర్సు మంచాన్ని ఆపమని చేత్తో సైగ చేసి, నా వీపు కింద చెయ్యి పెట్టి తల వైపు ఎత్తు పెంచింది, ఊపిరి వచ్చింది, దొంగలా కాదు, దర్జాగా వచ్చింది, ఆ తర్వాత ఆ పిల్ల తలుపు తోసుకుని వసారాలోకి పరిగెత్తింది.

తెరలో అంకెలు నాకు కనబడవు గానీ చివరి అంకె మారినప్పుడల్లా ఒక మెరుపు కదిలేది, ఇందాకటినించి దాన్నే చూస్తున్నాను. అది ఆగిపోయింది. ఆయన్ని ఆపేశారన్నమాట. వాళ్ళేమంటున్నారో, ఆయన ఏమంటున్నారో, దొంగ రాయి దొరికినవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళని కథలు కథలుగా చెప్పేవారు, ఇప్పుడు ఆయనెలా నిలబడ్డారో నాకు చూడాలని లేదు. తలుపు తెరుచుకుంది. కాళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, చేతిలో కవరుతో, ఆయన నా దగ్గరికొచ్చి కడ్డీ పట్టుకున్నారు.

"ఎన్నాళ్ళ నించీ?" అన్నారు.

"మీరు నడవడం మొదలెట్టక ముందు నించే."

ఆయన తన చేతిపట్టీ విప్పి, దాని లోపలి వైపు తన చొక్కా అంచుతో తుడిచి, నా మణికట్టుకి చుట్టి, బిగుతు ఎక్కువైందేమోనని వేలు దూర్చి చూసి, ఒక రంధ్రం వదులు చేసి పెట్టారు. తేనెగొంతు అడిగింది, పట్టీ పెట్టుకున్నది మీరేనా, అవును లేదా కాదు చెప్పండి. ఆయన నా వైపు చూశారు, ఈసారి కళ్ళలోకే చూశారు.

"అవునమ్మా, నేనే" అన్నాను.

ఆకుపచ్చ కాసేపు అలాగే ఉంది, తర్వాత పసుపైంది, తర్వాత ఎర్రబడింది, ఎక్కడో గంట మోగడం మొదలైంది, ఎవరెవరో పరిగెత్తి వస్తున్నారు, ఈసారి తెర వైపు కాదు, నా వైపు. ఆయన కవర్లోంచి నా కళ్ళజోడు తీసి, రెండు అద్దాలూ తుడిచి, నా ముక్కు మీద పెట్టారు.